పసిపిల్లలకు స్పర్శ బొంత: ఇంట్లో ఎలా కుట్టుకోవాలి?

ఇప్పటి ఇళ్లలో పాకే బిడ్డ అరచేతికి, మోకాలికి రోజంతా తగిలేది ఒక్కటే, నున్నటి టైల్స్ నేల. మెత్తన, గరుకు, గట్లు, ముడులు, గరగర చప్పుడు అన్నీ ఒకేచోట తగిలేలా రకరకాల గుడ్డలతో కుట్టిన బొంతను బజార్లో సెన్సరీ మ్యాట్ పేరుతో అమ్ముతున్నారు. ఇంట్లో కుట్టుమిషను, అటక మీద పాత బట్టల మూట ఉంటే అంతకంటే మంచిది మనమే కుట్టుకోవచ్చు. అయితే ఎక్కువ వస్తువులు కుట్టినంత మాత్రాన బొంత మంచిదైపోదు. పిల్లలు దాన్ని లాగుతారు, పీకుతారు, చప్పరిస్తారు, దానిమీదే పాలు కక్కుతారు. లాగితే ఊడకూడదు, ఉతికితే చెడకూడదు. ఏ ముక్క పెట్టాలన్నా ముందు ఈ రెండూ చూసుకోవాలి.

ఇక్కడి కొలతలు 120 × 90 సెంటీమీటర్ల బొంతకు. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇది సరిపోతుంది.

సరుకు

పైభాగానికి 33 సెం.మీ. చదరపు ముక్కలు 12 కావాలి. నాలుగు వైపులా 1.5 సెం.మీ. చొప్పున కుట్టులో పోతే ఒక్కో గడి 30 సెం.మీ. వస్తుంది. టర్కీ టవల్, జీన్స్, కార్డురాయ్, వెల్వెట్, శాటిన్ లైనింగ్, ఉన్ని శాలువా, పాత టీషర్టు, బాగా ఉతికి మెత్తబడ్డ నేత చీర... ఇంట్లో ఉన్నవాటితోనే ఎనిమిది తొమ్మిది రకాలు తేలిగ్గా వస్తాయి. అడుగు గుడ్డకు 44 అంగుళాల పన్నా ఉన్న మందపాటి నూలు గుడ్డ మీటరున్నర తీసుకోండి. మీటరుంపావు చాలనిపిస్తుంది కానీ తడిపితే ముడుచుకుపోయి చివరికి కొలత తగ్గుతుంది. 36 అంగుళాల పన్నా అసలు సరిపోదు. మధ్యలోకి పాత నూలు దుప్పటి ఒక్క పొర చాలు. రెండు పొరలు వేస్తే మిషను ఈడ్చలేదు, కొత్తగా నిలబడే బిడ్డ కాలు తడబడుతుంది. దారం పాలియెస్టర్‌దే వాడండి, పిల్లల లాగుడుకు నూలు దారం తెగిపోతుంది. సూది 16 నంబరు.

గ్లూ గన్ జోలికి పోవద్దు. అంటించినప్పుడు గట్టిగానే ఉంటుంది కానీ, గుడ్డ వంగి వంగి ఉతుకుల్లో నానేసరికి జిగురు బిళ్లలా లేచి వస్తుంది. ఆ బిళ్ల వెళ్లేది బిడ్డ నోట్లోకే.

పెట్టకూడనివి

పూసలు, చెంకీలు, అద్దాలు, గవ్వలు, గుండీలు, మువ్వలు వద్దు. గురివింద గింజలు ఎర్రగా అందంగా ఉన్నాయని సంచిలో పోసి కుట్టేరు, అవి విషం. వాటిని పిల్లలున్న ఇంట్లోనే ఉంచకూడదు. కందిపప్పు, మొక్కజొన్న, చింతపిక్కల సంచులూ ఈ వయసుకు పనికిరావు. కుట్టు విడితే గింజ ముక్కులోకో చెవిలోకో పోతుంది, తడిస్తే బూజు, వానాకాలంలో పురుగు. జరీ అంచు చర్మానికి గీసుకుంటుంది, దాని పోగులు లేస్తాయి. ఉన్ని కుచ్చులు, సన్నటి దారపు అంచులు మరీ ప్రమాదం. ఒక్క పోగు వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగి వేలు ఉబ్బిపోతుంది.

దేనిమీదైనా అనుమానం ఉంటే చార్టు పేపరును 3.2 సెం.మీ. వ్యాసంలో గొట్టంలా చుట్టి అందులో వేసి చూడండి. లోపలికి జారిపోయేది ఏదైనా గొంతులో అడ్డం పడగలదు.

మొదటి పని ఉతుకు

అన్ని గుడ్డల్నీ, కింద చెప్పిన తాడు గడికి వాడే నూలు తాడుతో సహా, కత్తిరించకముందే ఉతికి ఆరేయాలి. నూలు గుడ్డ కుంచించుకుపోతుంది, శాటిన్ అలాగే ఉంటుంది. ఉతక్కుండా కుట్టిన బొంత మొదటి ఉతుకులోనే గడి గడికీ ముడతలు పడేది ఇందుకే. తర్వాత తడిపిన తెల్ల గుడ్డతో ప్రతి ముక్కనూ గట్టిగా రుద్దండి. రంగు దిగితే దాన్ని పక్కన పెట్టాలి.

టీషర్టు, శాటిన్, వెల్వెట్ ముక్కల వెనక పాత బెడ్‌షీట్ ముక్కను జతచేసి చుట్టూ ఒక కుట్టు వేయండి. లేకపోతే టీషర్టు సాగుతుంది, శాటిన్ పోగులు జారుతాయి. గోనె పట్టా పెట్టాలనుకుంటే పోగులు రాలడం తగ్గేదాకా రెండు మూడుసార్లు ఉతికి, అంచులకు జిగ్‌జాగ్ కొట్టి, వెనక గుడ్డ వేయండి. ఒక్క గడి చాలు. పాకే బిడ్డ మోకాళ్లకు గోనె గరుకు ఎక్కువవుతుంది, అందుకే మధ్యలో కాకుండా మూలన పెట్టాలి. కొబ్బరి పీచు మ్యాట్ ఇంటి మిషను సూదికి లొంగదు, దాన్ని వదిలేయండి.

ప్రత్యేక గడులు

గడులను కలపకముందే, విడి ముక్కగా ఉన్నప్పుడే వీటిని కుట్టాలి. అలాగైతే ముడులు, దారం కొసలు వెనకే ఉండిపోతాయి. ఏది కుట్టినా అంచు నుంచి 4 సెం.మీ. వదలాలి. ఆ ఖాళీ లేకపోతే గడులు కలిపేటప్పుడు మిషను ఫుట్ దానికి తట్టుకుని కుట్టు వంకర పోతుంది.

తాడు గడి: సెంటీమీటరు మందం నూలు తాడు 24 సెం.మీ. చొప్పున ఐదు ముక్కలు. పై గుడ్డను 33 × 40 తీసుకోండి, ఎందుకంటే ఒక్కో తాడు మీదుగా ఎక్కి దిగడానికి గుడ్డ ఖర్చవుతుంది. కింద బెడ్‌షీట్ ముక్క వేసి, తాడు మధ్యలో పెట్టి, జిప్ ఫుట్‌తో (జిప్పులు కుట్టడానికి మిషనుకు తగిలించే సన్నటి ఫుట్) తాడును ఆనుకుని రెండు వైపులా కుట్టుకుంటూ పోవాలి. తాడు కొసల దగ్గర అడ్డంగా రెండుసార్లు కుట్టాలి. ఐదూ అయ్యాక 33కి కత్తిరించండి. నడక వచ్చిన పిల్లల అరికాళ్లకు ఈ గట్లు భలే నచ్చుతాయి.

ముడుల గడి: గింజల సంచికి బదులు ఇది. గులకరాళ్లు తగిలినట్టే ఉంటుంది, ఉతికితే చెడదు, ఊడి నోట్లో పడేది ఏమీ ఉండదు. టీషర్టును 3 సెం.మీ. వెడల్పు పీలికలుగా కత్తిరించి, ఒక్కోదానికి ఒకదానిపై ఒకటిగా మూడు ముడులు వేస్తే చిన్న ఉండ తయారవుతుంది. అలాంటివి తొమ్మిది. మిగిలిన తోకలు కత్తిరించి, ఉండల్ని కింది గుడ్డకు చేత్తో గట్టిగా కుట్టి, పైన బనీను గుడ్డ కప్పి, ఒక్కో ఉండ చుట్టూ సూదితో గుండ్రంగా కుట్టు తిప్పండి. ఈ చుట్టు వేయకపోతే రెండు వారాల్లో పై గుడ్డ సాగి వదులైపోతుంది.

చప్పుడు గడి: చిప్స్ ప్యాకెట్‌ను సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, 20 సెం.మీ. చదరంగా రెండు ముక్కలు. వాటిని దగ్గరగా నేసిన నూలు గుడ్డ సంచిలో పెట్టి నాలుగు వైపులా రెండేసి కుట్లు, ఆ సంచిని గడి వెనక కుట్టాలి. ప్లాస్టిక్ ఎక్కడా బయటికి కనిపించకూడదు. ఈ గడికి ఇస్త్రీ పెట్టొద్దు, కరిగిపోతుంది.

జీన్స్ వెనక జేబును అలాగే ఉంచి, రాగి రివెట్లు మాత్రం పీకేయండి. జేబులో చేతిరుమాలు దోపితే చాలు, తీయడం, మళ్లీ కుక్కడం పిల్లలకు పెద్ద పని. రిబ్బన్ లాంటి గుడ్డ టేపు ముక్కలు కుట్టాలంటే వెడల్పు 2 సెం.మీ., పొడవు 8కి మించకుండా, కొసల్ని రెండు మడతలు వేసి కుట్టాలి. కొవ్వొత్తితో కాల్చిన కొస గట్టిపడి గుచ్చుకుంటుంది.

అమరిక, కలపడం

మందం పక్కన పల్చన, గరుకు పక్కన నున్నన. టవల్ పక్కన శాటిన్, జీన్స్ పక్కన నేత చీర. బిడ్డకు తేడా తెలిసేది చెయ్యి ఒక గడి నుంచి ఇంకో గడికి జారినప్పుడే. మిషనుకూ ఇదే మేలు: నాలుగు మందపాటి గడులు ఒక మూలలో కలిస్తే అక్కడ సూది విరుగుతుంది. రెండు గడులు సాదా నూలువే వదిలేయండి. అన్నీ ఏదో ఒక రకంగా తగులుతుంటే చిన్న బిడ్డ చిరాకు పడుతుంది.

మూడేసి గడులు కలిపి నాలుగు వరుసలు, ఆ వరుసల్ని కలిపితే 123 × 93 వస్తుంది. కుట్టు మార్జిన్లను రెండు పక్కలకు విడదీసి అణచండి. వెల్వెట్ జారుడు గుడ్డ, గుండుసూదులకు ఆగదు, ముందు చేత్తో టాకాలు వేసుకోండి. గుండుసూదులు వాడితే ఎన్ని గుచ్చారో అన్నీ తీశారని లెక్క చూసుకోవాల్సిందే.

దుప్పటి, దానిపై అడుగు గుడ్డ మంచివైపు పైకి, దానిపై గడుల ముక్క మంచివైపు కిందికి పరవండి. చుట్టూ 1.5 సెం.మీ. లోపల కుట్టి, ఒక పక్క 25 సెం.మీ. నోరు వదలాలి. దుప్పటి అంచును కుట్టు దగ్గరికి కత్తిరించి, మూలలు ఏటవాలుగా కోసి, తిరగేసి, నోరు చేత్తో మూసేయండి. అంచు నుంచి అర సెంటీమీటరు లోపల చుట్టూ మరో కుట్టు. చివరగా గడుల గీతల మీదుగా మూడు పొరలూ కలిసేలా, మధ్య నుంచి అంచులకు, కొంచెం పెద్ద కుట్టుతో కుట్టాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో పోగై ఉబ్బుతుంది.

వాడకం

నేల మీద జారకుండా కార్పెట్ల కింద వేసే రబ్బరు జాలీని అన్ని వైపులా 3 సెం.మీ. చిన్నదిగా కత్తిరించి కింద పరవండి. బొంతకు కుట్టొద్దు, ఉతకడానికి అడ్డం. నేల మీద దుమ్ముంటే జాలీ పట్టు కోల్పోతుంది, ముందు తుడవాలి.

బిడ్డకు ఇచ్చేముందు లగేజీ తూచే కాటా కొక్కెం తగిలించి ప్రతి టేపునూ, జేబునూ 9 కిలోలు చూపించేదాకా పది సెకన్లు లాగండి. కుట్టు కిర్రుమంటే విప్పి మళ్లీ కుట్టాలి.

బొంత మీద బిడ్డ ఆడుకుంటున్నంతసేపూ పక్కనే పెద్దవాళ్లు ఉండాలి. పసికందును దానిమీద నిద్రపుచ్చకూడదు. ఏదైనా గడి తాకగానే బిడ్డ చెయ్యి వెనక్కి తీసుకుంటే బలవంతంగా పెట్టించొద్దు, కొన్నాళ్లకు తనే వెళ్తుంది. రోజువారీ బట్టలు, తిండి, ఇసుక, ఏది తగిలినా ఏడుస్తుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఉతుకు చల్లనీళ్లలో, మిషనులో అయితే తక్కువ స్పీడులో. మూడు పొరలు కాబట్టి ఒక్క తాడు మీద వేస్తే లోపల తడి నిలుస్తుంది. రెండు తాళ్ల మీద పరిచినట్టు వేసి, మధ్యాహ్నం తిరగేయండి. ముసురు రోజుల్లో ఉతక్కుండా మరకపడ్డ చోట మాత్రం తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టడం మేలు. ఉతికిన ప్రతిసారీ వదులైన దారాలు కత్తిరించి, టేపులు మళ్లీ లాగి చూసి, పల్చబడ్డ గడి ఉంటే దాని మీదే కొత్త ముక్క వేసి కుట్టుకోవచ్చు.