మా రాజుగాడి మొరుగుడు ఎలా తగ్గిందంటే

హనుమకొండలో మాది రోడ్డు పక్క ఇల్లు. గేటు ముందు ఆటో ఆగినా చాలు, మా కుక్క రాజుగాడు పావుగంట ఆపకుండా మొరిగేవాడు. పక్కింటి పెద్దమ్మ "జర నిద్ర పోనియ్యి బిడ్డా" అన్నాక వైబ్రేషన్ కాలర్, అంటే కుక్క మొరిగితే వణికే మెడపట్టీ, తెప్పించాను. షాక్ కొట్టేది మాత్రం వద్దనుకున్నా. మొదటిరోజే తేడా కొట్టింది: వీధికుక్క మొరిగితే మావాడి మెడలో కాలర్ వణికింది! అది మైకుతో పనిచేసే రకమట. గొంతు అదురును పట్టే సెన్సార్ ఉన్నది తెచ్చాను. రెండు వేళ్లు దూరేంత వదులుగా పెట్టి, రాత్రి తీసేసేవాణ్ని. లేకపోతే మెడ ఒరుసుకుపోతుంది. సగం తగ్గింది. మిగతా సగం తగ్గించింది గేటు సందులకు కట్టిన పాత ఫ్లెక్సీ. రోడ్డే కనిపించకపోతే వాడు ఎవర్ని చూసి మొరుగుతాడు? ఇప్పుడు కాలర్ మేకుకు వేలాడుతోంది.