లారీ గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఆయిలు, అరిగిన ప్లగ్గులు: సమస్య - పరిష్కారం

గోదావరి డెల్టాలో తిరిగే లారీలకు గేరుబాక్సు, వెనుక హౌసింగు (డిఫరెన్షియల్ ఉండే ఇరుసు పెట్టె) పాడవడానికి ఆయిలు నాణ్యత కంటే ఆయిలు చూడకపోవడమే ఎక్కువగా కారణమవుతోంది. చూడకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసులో రొయ్యలు వేసుకుని బయలుదేరిన బండికి దారి పొడుగునా ఉప్పు కలిసిన నీరు కారి హౌసింగు మీద పడుతుంది. ఆ తుప్పులో ప్లగ్గు, అంటే ఆయిలు రంధ్రాన్ని మూసే మర బిరడా, బిగుసుకుపోతుంది, సరిపడని స్పానరుతో తిప్పితే దాని మూలలు గుండ్రబడతాయి, ఆ తరువాత ప్రతి సర్వీసులోనూ ‘వచ్చేసారి చూద్దాంలే’ అనే మాటతో ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది.

లోడుతో లాగేటప్పుడు వెనుక నుంచి కూత

యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరొక రకంగా కూత వినిపిస్తే వెనుక హౌసింగులోని పళ్ల చక్రాల జత అయిన క్రౌన్, పినియన్‌లను అనుమానించాలి. న్యూట్రల్‌లో గరగరమని, క్లచ్ తొక్కగానే ఆగిపోయే శబ్దమైతే గేరుబాక్సు బేరింగుల వైపు చూడాలి. రెండింటిలోనూ మొదట పరీక్షించవలసింది ఆయిలు మట్టమే. బండిని కాలువ గట్టు మీద ఒరిగి ఉండగా చూస్తే లెక్క తప్పుతుంది. ప్లగ్గు ఉన్న పక్క పల్లానికి ఉంటే తక్కువ ఆయిలు కూడా పొంగినట్టు కనిపిస్తుంది, మెరకకు ఉంటే నిండుగా ఉన్నదీ తక్కువగా తోస్తుంది. అందువల్ల వేబ్రిడ్జి ముందరి చదునైన కాంక్రీటు వంటి చోట నిలిపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ఆయిలు కిందికి దిగేందుకు పది పదిహేను నిమిషాలు ఆగి, పక్కనున్న లెవెల్ ప్లగ్గు విప్పాలి. సాధారణంగా ఆయిలు రంధ్రపు కింది అంచును తాకుతూ ఉండాలి. వేలు లోపలికి వంచి తడిమితేగాని అందకపోతే తగ్గినట్టే. కారేదాకా పోయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే ఎక్కువైన ఆయిలు నురగకట్టి, వేడెక్కి, ఆయిలును బయటికి రాకుండా ఆపే సీలు దాటి బ్రేకు లైనర్లను తడుపుతుంది.

పోసే ఆయిలు ఏదైనా ఫరవాలేదనుకోకూడదు. హైపాయిడ్ క్రౌన్ (పినియన్ దాని మధ్యకు కాక కాస్త పక్కకు ఉండే రకం) ఉన్న హౌసింగుకు గేరు ఆయిళ్లలో జీఎల్-5 అనే తరగతి కావాలి. చాలా మాన్యువల్ గేరుబాక్సులకు జీఎల్-4 చెబుతారు, కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు రసాయనాలు గేరు సాఫీగా పడేందుకు ఉండే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి గనుక. 80డబ్ల్యూ-90, 85డబ్ల్యూ-140 అనే చిక్కదనాలలో ఏది పోయాలో బండి పుస్తకం చూసి తేల్చుకోవాలి.

ప్లగ్గు తిరగదు, తల గుండ్రబడింది

ఇక్కడ ఒక నియమాన్ని ఎవరికీ మినహాయించను. ఆయిలు పోసే పై ప్లగ్గు విప్పగలమని తేలిన తరువాతే కింది డ్రెయిన్ ప్లగ్గు ముట్టుకోవాలి. ఆయిలంతా దింపేసి, పోయడానికి దారి లేక, బండిని తోలలేక షెడ్డులోనే వదిలేసే పరిస్థితి అలా తప్పుతుంది.

మొదట వైరు బ్రష్‌తో తుప్పు, మన్ను గీకి, తుప్పు వదిలించే ఆయిలు చల్లి రాత్రంతా వదిలేయాలి. ప్లగ్గు తల మీద సుత్తితో నాలుగైదు గట్టి దెబ్బలు వేస్తే మరలో పట్టిన తుప్పు పగులుతుంది. తరువాత పన్నెండు మూలల బాక్సు స్పానరు పక్కన పెట్టి ఆరు మూలలదే వాడాలి, ఎందుకంటే మొదటిది మూలల కొసలనే పట్టి వాటిని ఇంకా కొరుకుతుంది. తల లోపలికి చదరపు గుంట ఉన్న ప్లగ్గయితే ఆ గుంటలోని బురదను మేకుతో పూర్తిగా తీసి, సరిగ్గా సరిపోయే చదరపు ముక్కను సుత్తితో దిగగొట్టి తిప్పాలి. గుంటలో బురద ఉండగా స్పానరు సగమే దిగుతుంది, చాలా ప్లగ్గులు అక్కడే పాడవుతాయి.

అదీ కుదరకపోతే తల మీద నట్టు పెట్టి వెల్డింగు చేయడం తిరుగులేని ఉపాయం, ఆ వేడికి మర కూడా వదులవుతుంది. అయితే ముందుగా బ్యాటరీ తీగ తీసేయాలి, చుట్టూ ఉన్న గ్రీజు తుడవాలి, ఎర్తు క్లిప్పును ప్లగ్గు పక్కనే హౌసింగుకు పెట్టాలి. ఎర్తు దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. అల్యూమినియం గేరుబాక్సు మీద గ్యాసు మంట పెట్టవద్దు. డ్రిల్లు వేయక తప్పకపోతే కొనకు గ్రీజు పూసి రజను పట్టించాలి, తరువాత కొంత ఆయిలు పోసి కడిగి దింపేయాలి.

బయటికి వచ్చిన పాత ప్లగ్గును మళ్లీ బిగించడం పిసినారితనం. కొత్త ప్లగ్గు ఖరీదు క్రౌన్, పినియన్ జత ముందు లెక్కలోకే రాదు.

కొత్త ప్లగ్గు బిగించినా కారుతోంది

తిన్నని మర ప్లగ్గుకు రాగి వాషరు ప్రతిసారీ మార్చాలి. కొసకు సన్నబడే వాలు మర ప్లగ్గు వాషరు లేకుండానే పట్టుకుంటుంది గనుక, కారుతోందని బలంకొద్దీ బిగిస్తే అల్యూమినియం గోడ పగులుతుంది. హౌసింగు మరే పోయి ఉంటే టర్నరు చేత స్ప్రింగు ఇన్సర్ట్ (పాడైన మర స్థానంలో కూర్చునే తీగ చుట్ట) వేయించడమో, పెద్ద సైజు మర కోయించడమో చేయాలి. పుట్టీ అద్దడం ఇంటికి చేరేదాకా మాత్రమే.

ఆయిలు పాలలా తెల్లబడింది

జూలై, ఆగస్టు వరదల్లో కోనసీమ లంకల కాజ్‌వేలు దాటిన బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. పరుగుతో వేడెక్కిన హౌసింగు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదరు (హౌసింగుకు గాలి ఆడే చిన్న మూత) నుంచి, సీళ్ల నుంచి నీటిని లోపలికి లాగుతుంది. ఆ ఆయిలును వెంటనే దింపి, తాజా ఆయిలు పోసి, కొద్ది దూరం నడిపి మళ్లీ మార్చాలి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే కంగారు పడనక్కరలేదు. సూదుల్లాంటి తునకలు గాని, గేరు పంటి ముక్కలు గాని దొరికితే హౌసింగు విప్పి చూడవలసిందే.

బ్రీదరు మన్నుతో పూడుకుపోయినా సీళ్లు కారతాయి, లోపలి వేడిగాలికి వేరే దారి ఉండదు గనుక. దాన్ని విప్పి డీజిలులో కడిగి, వీలైతే దానికి రబ్బరు గొట్టం తొడిగి, ఆ గొట్టం కొసను ఛాసిస్ ఎత్తుకు తీసుకువెళ్లి కట్టాలి.