పాత ట్రాక్టరుకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ – 4వ పాఠం: మాడ్యూల్ పోయిందనే ముందు

పోయిన పాఠంలో డెల్కో (ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు) మూత తీసి, కాయిల్ కరెంటుని కలిపి తెంపే పాయింట్లూ, వాటి కండెన్సరూ ఊడదీసి, నడిమిన తిరిగే కామ్ మీదికి అయస్కాంతపు రింగు దించి, పాయింట్ల పనిని ఎలక్ట్రానిక్‌గా చేసే మాడ్యూల్‌ని ప్లేటు మీద బిగించాం. దాని రెండు వైర్లూ ప్లగ్గు నిప్పుకి కావలసిన పెద్ద వోల్టేజీ పుట్టించే కాయిల్‌కి కలిపాం. బండి మొదటి సెల్ఫుకే అందుకున్నవాళ్లు ఈ పాఠాన్ని టూల్‌బాక్సులో పెట్టుకోండి. జూన్‌లో తోతాపురి లోడుతో దామలచెరువు మార్కెట్‌కి పోతూ దారిలో ఆగిన రోజున పనికొస్తుంది. అందుకోనివాళ్లూ, అందుకుని అరగంటకే ఆగిపోతున్నవాళ్లూ ఇప్పుడే చదవండి.

ఈ పాఠం నుంచి మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల చేలల్లో తిరిగే ట్రాక్టర్లు దాదాపు అన్నీ డీజిల్‌వే. డీజిల్ ఇంజన్లో ప్లగ్గుతో నిప్పు పుట్టించే పనే లేదు, వాటికి ఈ పాఠంతో సంబంధం లేదు. మనం మాట్లాడుకునేది 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన ఫెర్గూసన్ టీఈ20 లాంటి పెట్రోలు, కిరసనాయిలు బండ్ల గురించి. పాత బండ్లలో కొన్నింటికి కాయిల్ ఉండదు, మ్యాగ్నెటో ఉంటుంది. అది తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. ఈ కిట్ దానికి పనికిరాదు.

ఇక అసలు సంగతి. పాయింట్లు మొండివి. బ్యాటరీ నీరసించి కాయిల్‌కి ఎనిమిది వోల్టులే అందినా, కామ్ తిరిగితే అవి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. నిప్పు సన్నగా వచ్చినా వస్తుంది. ఎర్తు కాస్త తుప్పు పట్టినా బండి దగ్గుతూనో తుమ్ముతూనో నడుస్తుంది. మాడ్యూల్ అలా కాదు. అయస్కాంతం ఎదురుగా వచ్చిందని కనిపెట్టడానికి దాని లోపలి సర్క్యూట్‌కే ముందు సరిపడా వోల్టేజీ కావాలి. అది అందకపోతే కాయిల్‌ని ఆన్ చేయదు, ఆఫ్ చేయదు. అంటే పాయింట్లు డెబ్బై ఏళ్లుగా ఓర్చుకున్న లోపాలన్నీ మాడ్యూల్ పెట్టిన రోజున బయటపడతాయి. మనం మాత్రం కొత్తగా వచ్చినదాన్నే తప్పుపడతాం. నాకు తెలిసినంతలో, పోయిందని పక్కన పడేసిన మాడ్యూళ్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు.

కావలసిన సరంజామా కొద్దిదే: ఒక మల్టీమీటరు, ఫీలర్ గేజీ (సన్నని సందులు కొలిచే రేకులు), రెండు చివరలా క్లిప్పులున్న మూరెడు వైరు, డ్యాష్‌బోర్డులో వాడే చిన్న 12 వోల్టుల ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ వద్దు. కాయిల్ ఆఫ్ అయ్యే క్షణంలో వెనక్కి కొట్టే వోల్టేజీకి అది కాలిపోతుంది. వీటితో పాటు మీరు ఊడదీసిన పాయింట్లూ కండెన్సరూ ఒక కవరులో చుట్టి ఉంచాలి. వాటి పని చివర్లో చెబుతాను.

సెల్ఫా, హ్యాండిలా?

బండి అసలు అందుకోవడం లేదనుకోండి. ముందు హ్యాండిల్ వేసి తిప్పి చూడండి. హ్యాండిల్‌తో అందుకుని సెల్ఫుతో అందుకోకపోతే సగం జవాబు చేతికి వచ్చినట్టే. సెల్ఫు మోటారు గుంజే కరెంటుకి బ్యాటరీ వోల్టేజీ పడిపోతోంది, ఆ కాసేపు మాడ్యూల్‌కి చాలడం లేదు. హ్యాండిల్ తిప్పేటప్పుడు ఆ భారం లేదు కనుక పనిచేస్తోంది. సెల్ఫు తిరుగుతుండగా బ్యాటరీ కొసల మధ్య మీటరు పెట్టండి. 9.6 వోల్టుల కంటే కిందికి దిగితే బ్యాటరీనో, దాని క్లిప్పులనో చూసుకోవాలి.

హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ బిగించకూడదు. కింది నుంచి పైకి లాగండి, పై నుంచి కిందికి తొక్కకండి. టైమింగ్, అంటే నిప్పు వచ్చే వేళ, ముందుకుంటే హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది, మణికట్టు విరుగుతుంది. ఫెర్గూసన్‌లో గేరు రాడ్డుని ఎస్ అనే చోటికి జరిపితేనే సెల్ఫు తిరుగుతుంది, కాబట్టి గేరులో ఉండగా బండి ముందుకు దూకే భయం లేదు. హ్యాండిల్‌కి ఆ కాపలా లేదు. న్యూట్రల్‌లో ఉందో లేదో చేత్తో కదిపి చూశాకే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు తాళం ఆన్ చేసి, తాళం వైపు నుంచి వైరు వచ్చే కాయిల్ కొస దగ్గర వోల్టేజీ చూడండి. కాయిల్‌లో కరెంటు పారుతుండగా బ్యాటరీ దగ్గరికీ ఇక్కడికీ తేడా అర వోల్టు దాటకూడదు. దాటితే తాళంలోనో, అమీటరు బిగింపులోనో, ముసలి వైరులోనో తినేస్తోంది. క్లిప్పుల వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కి కలిపి చూడండి. బండి వెంటనే అందుకుంటే మాడ్యూల్ జోలికి పోనక్కర్లేదు, తాళం, అమీటరు బిగింపు, వైరు ఒక్కొక్కటే చూసి తినేస్తున్నదాన్ని బాగుచేయండి. అలా నేరుగా కలిపినప్పుడు తాళం తీసినా ఇంజన్ ఆగదని గుర్తుంచుకోండి. ఆపాలంటే ఆ క్లిప్పే ఊడదీయాలి.

ఏ కొస ఎర్తు?

లూకాస్ కంపెనీ వైరింగ్ ఉన్న పాత బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. మన కాలపు బండ్లకు నెగటివ్ ఎర్తు. ఇన్నేళ్లలో ఎవరో ఒక మెకానిక్ దాన్ని తిప్పేసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మాన్యువల్‌ని నమ్మకండి, మీ బండిలో లావుపాటి ఎర్తు వైరు ఏ కొస నుంచి వస్తోందో కళ్లతో చూడండి. నెగటివ్ ఎర్తు మాడ్యూల్‌ని పాజిటివ్ ఎర్తు బండికి పెట్టినా, బ్యాటరీ తిరగేసి కలిపినా ఒక్క క్షణం చాలు, మాడ్యూల్ నిజంగానే పోతుంది. పాత లూకాస్ కాయిల్ మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది: మొదటిది తాళం వైపు, రెండోది డెల్కో వైపు. బండి మీద వెల్డింగు చేయించేటప్పుడు కూడా బ్యాటరీ, మాడ్యూల్ వైర్లు ఊడదీయించండి.

బల్బు చెప్పే సాక్ష్యం

ఈ పరీక్ష ఒక్కటి నేర్చుకుంటే ఈ పాఠం సగం వచ్చినట్టే. నాలుగు ప్లగ్గులూ విప్పండి, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. కాయిల్ నడిమి నుంచి వచ్చే లావు వైరుని డెల్కో మూత నుంచి పీకి, క్లిప్పుల వైరుతో బాడీకి ఎర్తు చేయండి. గాలిలో వదిలేయకూడదు, వెళ్లే దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ని చీలుస్తుంది. విప్పిన ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, నిప్పు పుట్టే చోటు దానికి దూరంగా ఉండాలి. ఇప్పుడు బల్బుని కాయిల్ రెండు చిన్న కొసల మధ్య కలిపి, తాళం ఆన్ చేసి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి.

ఇంజన్ రెండు చుట్లు తిరిగితే డెల్కో ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఒక చుట్టులో 1-3-4-2 వరుసలో నాలుగు సార్లు నిప్పు రావాలి. అంటే హ్యాండిల్ ఒక పూర్తి చుట్టుకి బల్బు రెండు సార్లు వెలిగి ఆరాలి. అలా జరిగితే మాడ్యూల్ బతికే ఉంది, వైరింగూ బాగుంది. జబ్బు కాయిల్‌లోనో, అక్కడి నుంచి ప్లగ్గుల దాకా ఉన్న దారిలోనో వెతకాలి. బల్బు ఎంత తిప్పినా ఆరకపోతే మాడ్యూల్ లోపల షార్టయింది, లేదా డెల్కోలోకి వచ్చే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. అసలు వెలగకపోతే మాత్రం తొందరపడకండి. ముందు ఎర్తు చూడాలి.

మాడ్యూల్ ఎర్తు దాని కింది ప్లేటు గుండా పోతుంది. కొన్ని డెల్కోల్లో ఆ ప్లేటుకీ డెల్కో బాడీకీ మధ్య జడలా అల్లిన చిన్న రాగి తీగ ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి కదిలి అది లోపల తెగిపోవచ్చు, పైకి బాగానే కనిపిస్తుంది. ప్లేటు కింద నూనె జిడ్డు, డెల్కో మెడ దగ్గర కొట్టించిన పెయింటు కూడా ఎర్తుని ఆపుతాయి. తాళం ఆన్‌లో ఉండగా మీటరు ఒక కొస బ్యాటరీ ఎర్తు కొసకి, రెండోది ప్లేటుకి పెట్టి సెల్ఫు కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మేలు. ఎక్కువుంటే ప్లేటు కింది నుంచి ఇంజన్ బ్లాకుకి విడిగా ఒక వైరు లాగండి. ఇంత చిన్న వైరు కోసం కొత్త మాడ్యూల్ కొన్నవాళ్లని చూసి నాకు బాధేసింది.

వేడెక్కితే ఆగిపోయేది

ఇది నా చేనిలోనే జరిగింది. పాకాల దగ్గర మా నాయన బండి ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయేది, చల్లారితే మళ్లీ అందుకునేది. తిరుపతిలో చూపిస్తే "మాడ్యూలే సామీ, వేడికి తట్టుకోవడం లేదు" అన్నారు. ఇంకోటి కొన్నాను. అదీ ఇరవై నిమిషాలే నడిచింది.

అప్పుడు చేయాల్సిన పని చేశాను. ముందు ట్యాంకు మూత తీసి చూశాను. మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా బండి సరిగ్గా ఇలాగే ఆగుతుంది, కాసేపటికి మళ్లీ అందుకుంటుంది. రంధ్రం బాగానే ఉంది. తర్వాత బండి ఆగిన నిమిషంలోనే ఒక ప్లగ్గు విప్పి, దాని తలకి వైరు తగిలించి, ఆ విప్పిన రంధ్రానికి దూరంగా బాడీకి ఆనించి నిప్పు చూశాను. నిప్పు లేదు. చల్లారాక చూస్తే ఈ పరీక్షకి అర్థం లేదు, వేడి మీదే చూడాలి. కాయిల్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే బండి అందుకుంది.

వైర్లు తీసి కాయిల్ రెండు చిన్న కొసల మధ్య ఓములు కొలిస్తే 1.6 వచ్చింది. అది రెసిస్టరుతో కలిపి వాడాల్సిన జీపు కాయిల్, మధ్యలో రెసిస్టరు లేకుండా నేనే పెట్టాను. లెక్క వేయండి: 12.6 వోల్టులని 1.6 ఓములతో భాగిస్తే దాదాపు 8 ఆంపియర్లు. 3 ఓముల కాయిల్ అయితే 4.2. నాలుగు సిలిండర్ల బండికి 12 వోల్టుల కిట్‌తో సుమారు 3 ఓముల కాయిల్ పెట్టుకోవడం క్షేమం. కిట్ కాగితంలో ఇంకో అంకె ఉంటే దాన్నే పాటించండి. కొలిచేటప్పుడు మీటరు వైర్లు రెండూ కలిపి వచ్చే అంకెని తీసేయడం మరవకండి, ఇంత చిన్న లెక్కలో అదీ ముఖ్యమే. కాయిల్ మార్చాక ఆ ఎండాకాలమంతా చెరుకు తోలాం, ఒక్కసారీ ఆగలేదు. పోయిందని పక్కన పెట్టిన మొదటి మాడ్యూలే ఈనాటికీ బండిలో ఉంది.

ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేసినా కాయిల్ ఇలాగే కాలుతుంది. రేడియేటరులో నీళ్లు పోయడానికి దిగినా తాళం తీసి దిగండి.

మిస్సింగ్ కొడితే

బండి నడుస్తూ మధ్యలో దగ్గుతుంటే ప్లగ్ వైర్ల ఓములు చూడండి. సున్నాకి దగ్గరగా ఉంటే అవి ఉత్త రాగి వైర్లు. వాటి నుంచి పుట్టే రేడియో అలజడికి మాడ్యూల్ తికమకపడి వేళ కాని వేళ నిప్పు ఇస్తుంది. వేల ఓములు చూపే కార్బన్ వైర్లు వేయండి. రోటరు (డెల్కో మూత కింద షాఫ్టు మీద తిరిగే ముక్క) పట్టుకుని పక్కలకి ఊపండి. బుష్ అరిగి షాఫ్టు ఊగితే అయస్కాంతానికీ మాడ్యూల్‌కీ మధ్య సందు మారిపోతుంది, ఒక్కోసారి రాసుకుంటుంది కూడా. బుష్ లేత్ పనే, మరో దారి లేదు. రింగు వల్ల రోటరు కాస్త పైకి లేచి మూతకి తగులుతోందేమో కూడా చూడాలి, మూత లోపల కొత్త గీతలుంటే అదే. ఆయుధ పూజకి బండి కడిగిన మర్నాడు మొదలైన మిస్సింగ్‌కి మూత తీసి పొడిగుడ్డతో తుడవడమే వైద్యం.

ఇన్ని చూసినా తేలకపోతే కవరులో దాచిన పాయింట్లూ కండెన్సరూ తిరిగి బిగించండి. వాటితో బండి చక్కగా నడిస్తే, అప్పుడు మాడ్యూల్‌ని అనుమానించండి. వాటితోనూ అదే జబ్బు ఉంటే మాడ్యూల్‌కి పాపం లేదు.

ఈ వారం అభ్యాసం: బాగా నడుస్తున్న బండి మీదే మూడు కొలతలు తీసి డెల్కో పక్కన పెయింటుతో రాయండి – కాయిల్ ఓములు, తాళం ఆన్‌లో కాయిల్ దగ్గరి వోల్టేజీ, సెల్ఫు తిరుగుతుండగా బ్యాటరీ వోల్టేజీ. 5వ పాఠంలో టైమింగ్ పెడతాం, ఈ మూడు అంకెలూ తీసుకుని రండి.