మంచం పట్టిన రోగికి పడక పుండ్లు రాకుండా ఒత్తిగిలించడం ఎలా

ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన కండకు రక్తం అందదు. పైన చర్మం కాస్త కందినట్టు కనిపించేసరికే లోపల దెబ్బ తిని ఉండొచ్చు. కాబట్టి పూతలూ పౌడర్లూ తర్వాతి సంగతి, ముందు రోగిని కదిలించాలి.

మామూలు పరుపు మీద రెండు గంటలకోసారి అన్నది వాడుకలో ఉన్న లెక్క. చర్మం కందుతుంటే ఇంకా ముందే తిప్పాలి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. 30 డిగ్రీల వాలు చాలు. వీపు నుంచి పిరుదు దాకా వెనక దిండు పెట్టి, నడుం కింది ఎముక దగ్గర చెయ్యి జొనిపి చూడండి. ఎముక పరుపుకు ఆనకూడదు. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. వెన్నెముకకో తుంటికో దెబ్బ తగిలిన రోగిని మాత్రం డాక్టర్ చెప్పిన పద్ధతిలోనే తిప్పాలి.

పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులు వేసి లాగొద్దు. చర్మం పరుపుకు అంటుకుని ఆగిపోతుంది, లోపలి కండ ముందుకు జారుతుంది, మధ్యలో సన్నటి రక్తనాళాలు తెగుతాయి. నడుం కింద మడత దుప్పటి వేసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని ఎత్తి జరపాలి. తలవైపు మంచం 30 డిగ్రీలు దాటి ఎత్తినా ఇదే ఇబ్బంది, రోగి కిందికి జారుతుంటాడు. తినిపించేటప్పుడు ఎత్తక తప్పదు. అప్పుడు ముందు మోకాళ్ల దగ్గర ఎత్తు పెట్టి, ఆ తర్వాత తల ఎత్తండి.

మడమలను చాలామంది మరిచిపోతారు. దిండును పిక్కల కింద పొడవుగా పెడితే మడమలు గాల్లో ఉంటాయి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. మధ్యలో ఖాళీ ఉన్న రింగు దిండు వాడొద్దు, దాని అంచు చుట్టూ ఒత్తి రక్తం రాకుండా చేస్తుంది. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం మానకూడదు.

తిప్పిన ప్రతిసారీ చర్మం చూడాలి. ఎర్రబడిన చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే రక్తం ఆడుతున్నట్టే. తెల్లబడకపోతే అది మొదటి దశ పుండు. ఆ వైపు ఇక పడుకోబెట్టకూడదు, అక్కడ మర్దన అసలే వద్దు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియదు. పక్క చర్మంతో పోల్చి వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని తడిమి చూడాలి. ఆక్సిజన్ ట్యూబ్ ఆనే చెవుల వెనకా, కాథెటర్ (మూత్రం గొట్టం) ఒరుసుకునే తొడ మీదా కూడా చూడండి.

చార్టులో సమయం, ఏ పక్క, చర్మం ఎలా ఉంది, మూడూ రాయాలి. చర్మం చిట్లినా, బొబ్బ లేచినా, నల్లబడినా వెంటనే డాక్టర్‌కు చెప్పండి.