పట్టా భూమే అయినా, జేసీబీ దించే ముందు

2025 మార్చి ఆఖర్లో, వరుస సెలవుల్లో, హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వం చదును పని చేయిస్తే వందెకరాల దాకా చెట్లు నేలకూలాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. చెల్లాచెదురైన జంతువులకు రక్షణ కల్పించమని ఆ తర్వాత ఆదేశించింది. ప్రభుత్వమే ఆగాల్సి వచ్చినచోట, దేవరకొండ పక్కనో అచ్చంపేట దారిలోనో ముప్పై ఎకరాలు కొని మృగశిర లోపల చదును చేయించాలని తొందరపడేవాళ్లకు మినహాయింపు దొరకదు.

రిజర్వు ఫారెస్టులో కట్టకూడదని అందరికీ తెలుసు, ఇక్కడ ఆ మాట ఎత్తడం లేదు. ఈ ప్రాంతంలో మనుషుల్ని ముంచే తప్పు ఒక్కటే: జేసీబీ ముందు, కాగితం తర్వాత. "పట్టా మనది, భూభారతి రికార్డులో పేరు మనది, సర్కారు తుమ్మ తప్ప ఇంకేముంది" అన్న ధీమాతో బండి దించుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చూసేది భూమి ఎవరిదని కాదు, అందులో ఉన్న జీవి ఏదని. నల్లమలలో తిరిగినా, మీ చెలకలో తిరిగినా నెమలి నెమలే. పైగా ఆ చట్టంలో వేట అంటే తుపాకీ, ఉచ్చు మాత్రమే కాదు. పక్షుల గుడ్లు, పాములు తాబేళ్ల గుడ్లు పగలగొట్టినా, వాటి గూళ్లను చెదరగొట్టినా అది వేట కిందికే వస్తుంది.

బీడు అనుకునే నేలలో ఏముంటాయో చూడండి. తంగేడు, రేణి, బలుసు పొదల మొదట్లో ఎండకు కదలకుండా నక్షత్ర తాబేలు. చీమల పుట్టల్లో, ఏదుపంది బొరియల్లో కొండచిలువ, ఉడుము, అలుగు. రాతి గుట్టల సందుల్లో చిరుత, ఎలుగు. కృష్ణా తీరంలో, నారాయణపేట వైపు, కృష్ణజింక. ఇవన్నీ ఆ చట్టం గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలు జీవులే. నక్షత్ర తాబేలు అందులోకి వచ్చింది 2022 సవరణతో. అది అమల్లోకి వచ్చింది 2023 ఏప్రిల్ 1న. పాత జాబితా పట్టుకుని "తాబేలే కదా" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. మొదటి షెడ్యూలు జీవి విషయంలో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు, జరిమానా 25,000కు తగ్గదు.

కాగితాలు

ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు, తర్వాత డీఎఫ్‌వో (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకు పోవాలి. సర్వే నంబర్లు, హద్దుల నక్ష పెట్టి నాలుగు ప్రశ్నలకు రాతలో జవాబు అడగండి. ఈ నంబరు అటవీ చట్టం సెక్షన్ 4 నోటిఫికేషన్‌లో (రిజర్వు అడవి చేస్తామన్న తొలి ప్రకటనలో) ఉందా? తుది నోటిఫికేషన్ రాకున్నా సెక్షన్ 4 పడిన భూమిని కదిలించకూడదు, రెవెన్యూ రికార్డులో పట్టా కనిపిస్తున్నా సరే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కోర్ (లోపలి అడవి), బఫర్ (దాని చుట్టూ ఉన్న మండలం) హద్దులకు ఎంత దూరం? ఆ అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్ జిల్లాతో ఆగదు, నల్గొండలోకీ వస్తుంది. అభయారణ్యం చుట్టూ ఆంక్షలుండే పర్యావరణ సున్నిత మండలంలో ఈ ఊరి పేరు ఉందా? పులులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోయే దారిలో ఉందా? ఆ దారులకు కూడా చట్టం రక్షణ ఉంది, జాతీయ వన్యప్రాణి మండలి దాకా పోవాల్సి రావచ్చు.

ఫారెస్టు, రెవెన్యూ హద్దు మీద అనుమానముంటే జాయింట్ సర్వే అడగండి. రాయి పాతేదాకా ఆగండి.

చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి వేరు. కట్టడం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి వేరు. ఒకటి వచ్చిందని రెండోది వచ్చినట్టు కాదు. లేఅవుట్ మంజూరైందంటే వన్యప్రాణి చట్టం కింద అనుమతి దొరికినట్టు అసలే కాదు. 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం, సర్కారు రికార్డులో అడవి అని రాసి ఉంటే యజమాని ఎవరైనా అది అడవే. కాబట్టి పాత పహాణీలు తిరగేయండి.

నేల మీద

తెల్లవారుజామున నలుగురు పది పదిహేను అడుగుల ఎడంతో వరుసగా నడవాలి. మళ్లీ సాయంత్రం ఒకసారి. పొదను కర్రతో మెల్లగా ఎత్తి చూడాలి, పొడవకూడదు. కుబుసం, పుట్టకు పెద్ద కన్నం, ఎలుగు తవ్విన పుట్ట, నెమళ్లు దుమ్ములో పొర్లిన గుంటలు కనిపిస్తే ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీసి రేంజ్ ఆఫీసర్‌కు పంపండి. వానలు మొదలైతే నెమలి నేల మీదే గుడ్లు పెడుతుంది, 28 రోజులు పొదుగుతుంది. పిల్లలు లేచి తల్లి వెంట పోయేదాకా ఆ పక్క పని వద్దు. కొండచిలువ గుడ్లు చుట్టుకుని పడుకుంటే దాదాపు రెండు నెలలు.

ఈ నడక జేసీబీ వచ్చాక చేస్తే లెక్కలోకి రాదు. చదునైన నేల మీద "ఇక్కడ ఏమీ లేదు" అని నిరూపించే దారే ఉండదు. విరిగిన తాబేలు డొప్ప ఒక్కటి దొరికితే చాలు. అప్పుడు బండి సీజ్ అవుతుంది. భూమి ఓనరు వకీలును పెట్టుకుంటాడు. కిస్తీలు కడుతున్న జేసీబీ ఓనరు మాత్రం పని లేక, బండి లేక కూర్చుంటాడు. గంట కిరాయికి పోయే వాళ్లారా, అనుమతి కాగితం కళ్లతో చూడనిదే తాళం తిప్పకండి.

ఇక ఇవి గుర్తుంచుకోండి.

పొదలకు నిప్పు పెట్టొద్దు. తాబేలు పరిగెత్తలేదు.

ముందు చేత్తో పొదలు కొట్టించి, ఒక రాత్రి వదిలి, అప్పుడు బండి దించండి.

రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టి గుట్ట వైపు పోండి. ఎదురు దిక్కున మొదలుపెడితే జంతువులు రోడ్డు మీదికో ఊళ్లోకో వస్తాయి.

ప్రీకాస్ట్ గోడ నాలుగు దిక్కులా ముందే కట్టొద్దు. గుట్ట వైపు చివరిదాకా తెరిచి ఉంచండి.

తాబేలును ఎత్తి పక్క చేనులో వదలొద్దు. పట్టుకోవడం కూడా నేరమే. ఇంటికి తీసుకుపోవడమూ నేరమే.

కంచెకు కరెంటు పెట్టొద్దు. ఎవరు చెప్పినా పెట్టొద్దు.

పునాది గుంటలకు, పాడుబడ్డ బావులకు రాత్రి కాకముందే అడ్డు పెట్టండి.

అభయారణ్యం హద్దుకు కిలోమీటరు లోపల క్వారీ మాట ఎత్తొద్దు.

సెలవు రోజుల్లో, రాత్రిపూట చదును చేయించొద్దు. దాచిపెట్టారన్న అనుమానానికి అదే మొదటి సాక్ష్యం.

"సార్‌తో మాట్లాడినం, నడిపించుకోండి" అన్న మధ్యవర్తి మాట అనుమతి కాదు. సంతకం, ముద్ర, తేదీ ఉన్న కాగితమే అనుమతి.

కాగితం ముందు. జేసీబీ తర్వాత. కాగితం రాకముందే బండి చేను గట్టు దాకా వస్తే, అడ్వాన్సు పోయినా సరే, వెనక్కి పంపండి.