కవలలతో వారాల తరబడి దవాఖానలో ఉండాల్సి వస్తే ఏం చేయాలి?

కవలలని తెలియగానే "జోడు అరటిపండు తిన్నవా?" అని నవ్విన చుట్టాలే, అడ్మిట్ కావాలనగానే గాబరా పడ్డారు. మా చెల్లెది దేవరకొండ దగ్గరి ఊరు. 28వ వారంలో నల్లగొండలో చేరి ఆరు వారాలు మంచం మీదే ఉంది. తోడు నేనున్నాను. ఎవరైనా ముందే చెబితే బాగుండేదనిపించిన సంగతులివి.

ముందు, ఎందుకు ఉంచుకుంటున్నారో అడగండి. "కవలలు కదా" అన్నది జవాబు కాదు. కవలలున్నవాళ్లు చాలామంది ఇంట్లోనే ఉంటారు. గర్భసంచి ముఖద్వారం పొట్టిగా అయిందా, బీపీ పెరిగిందా, పిల్లలిద్దరిదీ ఒకే మాయనా? కారణాన్ని బట్టి ఎన్నాళ్లుండాలి, ఎంత నడవొచ్చు అన్నది మారుతుంది. మాయ ఒకటే అయితే ఒక బిడ్డకు రక్తం ఎక్కువ, ఇంకో బిడ్డకు తక్కువ వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే వాళ్లకు స్కాన్‌లు తరచుగా తీస్తారు.

ఆ వెంటనే ఇంకోటి అడగాలి: నెల తక్కువ పిల్లలను చూసే వార్డు, వెంటిలేటర్ ఇక్కడున్నాయా? లేకుంటే హైదరాబాద్ వెళ్లడం గురించి నొప్పులు మొదలవకముందే మాట్లాడండి. పుట్టిన పసికందులను అంబులెన్సులో తరలించడం కంటే కడుపులో ఉండగా తీసుకుపోవడమే భద్రం. మా ఇంట్లో ఈ మాటకు మూడు రోజులు పంచాయితీ నడిచింది. ఒక్క పూటలో తేల్చాల్సింది.

కాన్పు ముందే అయ్యేలా ఉంటే పిల్లల ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. డెక్సామెథసోన్ అయితే 12 గంటలకొకటి చొప్పున నాలుగు. స్టెరాయిడ్ అనగానే మా అమ్మ వద్దేవద్దంది. ఆ మందు పనిచేసేది పిల్లల కోసమని డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పాక ఊరుకుంది.

తర్వాత ఇంటి లెక్క. పెద్దపిల్లను బడికి ఎవరు పంపాలి, బర్రెను ఎవరు పిండాలి, పత్తి ఏరడానికి కూలీలను ఎవరు పిలవాలి? మొదటి రోజే పంచుకోండి. తోడుండే మనిషిని వారానికోసారైనా మార్చండి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి అమ్మ, అత్తమ్మ, వదిన వంతులేసుకోవచ్చు. ఆధార్ మరవొద్దు.

సంచిలో ముందు గుండీల నైటీలు, ఫ్లాస్క్, చాప, పొడుగు వైరున్న చార్జర్. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో. కవలల కాన్పులో రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశం ఉంది, రక్తమిచ్చే ఇద్దరిని ముందే చూసిపెట్టుకోండి.

మంచం మీద ఉండమన్నారని కట్టెలా పడుకోవద్దు. కదలకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. గంటకోసారి పాదాలు తిప్పాలి. డాక్టర్ సరేనంటే వరండాలో నాలుగడుగులు వేయాలి. ఐరన్ మాత్ర టీతో కాదు, నిమ్మకాయ నీళ్లతో. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు ఇంటి నుంచి వస్తే అదే పండుగ.

ఉమ్మనీరు కారినా, రక్తం కనబడ్డా, పొట్ట మాటిమాటికీ గట్టిపడ్డా, తలనొప్పితో చూపు మసకబారినా, పిల్లల కదలిక తగ్గినా అర్ధరాత్రయినా సిస్టర్‌ను లేపండి. విసుక్కుంటే విసుక్కోనీ.

టెన్షన్‌కు నాకు దొరికిన మందు గోడ మీది క్యాలెండర్. రోజులు కాదు, వారాలు కొట్టేశాం. పక్క మంచం ఆమె కూడా మాతోపాటు తన వారాలు కొట్టేది.

34వ వారంలో ఆపరేషన్ అయింది. ఇక్కడే మేం తప్పు చేశాం: అటెండెంట్ నేనొక్కదాన్నే. తల్లి ఒక వార్డులో, పిల్లలు ఇంకో వార్డులో. చెల్లె పిండిన ముర్రుపాలు గ్లాసులో పట్టుకుని రెండు అంతస్తులు ఎక్కిదిగాను. కాన్పు దగ్గర పడగానే రెండో మనిషిని పిలిపించుకోండి.