సున్నా దగ్గర ఆగిపోయే కాటా

ఇంట్లో చిన్న డిజిటల్ కాటా వాడేవాళ్లకు ఒక మాట. ఈస్ట్, వంటసోడా లాంటివి 2, 3 గ్రాములు తూచేటప్పుడు చిటికెడు చిటికెడుగా వేయకండి. చాలా కాటాలు సున్నా దగ్గర మెల్లగా వచ్చే చిన్న మార్పును బరువుగా లెక్కలోకి తీసుకోవు, తమంతట తామే మళ్లీ సున్నాకు సర్దుకుంటాయి. మొన్న బన్నుల కోసం ఈస్ట్ అలాగే చల్లుతూ పోయాను. గిన్నె అడుగున గోధుమరంగు పొర కనిపించేంత పడింది, అంకె మాత్రం కదల్లేదు. పిండి పొంగి గిన్నె దాటింది.

ఇప్పుడు ఒకేసారి 10 గ్రాములు తూచి, కాగితం మీద పరిచి, చెంచా కాడతో నాలుగు భాగాలు చేసుకుంటున్నాను. ఒక్కోటి సుమారు రెండున్నర గ్రాములు. 1 గ్రాము మెట్టున చూపే కాటాతో ఇంతకంటే నమ్మకమైన దారి నాకు కనపడలేదు. ఫ్యాన్ ఆపండి, కాటాను గట్టి బండ మీద పెట్టండి.

కూరల బండి దగ్గర రెండు పళ్లాల త్రాసైతే, ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు మధ్యలో నిలిచిందని సరిపెట్టుకోవద్దు. పళ్లాలు వేలాడే అడ్డకాడ ఒకవైపు పొడుగున్నా, పళ్లెం బరువుతో దాన్ని సరిచేయొచ్చు. తూచాక "అన్నా, ఒక్కసారి రాయి అటు, టమాటాలు ఇటు మార్చి పెట్టు" అనండి. ముల్లు ఒరిగితే కాడలోనే తేడా ఉన్నట్టు. రాయే తక్కువ బరువుదైతే ఇలా దొరకదు, దానిమీద తూనికలు కొలతల శాఖ ముద్ర చూడాలి. రాళ్లకు 24 నెలలకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు 12 నెలలకోసారి ఆ ముద్ర వేయించాలి.